విశాఖ తీరంలో ఆ తెల్ల ఓడ అటూ ఇటూ ఎందుకు తిరుగుతోంది?

బీచ్‌రోడ్_వాకర్ (చర్చ మొదలుపెట్టినవారు)

రెండు మూడు రోజులుగా పొద్దున్నే నడకకి వెళ్లినప్పుడు చూస్తున్నా. రుషికొండ వైపు సముద్రంలో ఒక తెల్ల ఓడ, పసుపు పొగగొట్టం. నేవీ ఓడలన్నీ బూడిద రంగే కదా, ఇది మాత్రం తెల్లగా మెరిసిపోతోంది. కాసేపు ఉత్తరానికి పోతుంది, మలుపు తిరిగి దక్షిణానికి వస్తుంది, మళ్లీ ఉత్తరానికి. అచ్చం పొలం దున్నినట్టు. దాని పక్కన ఒక చిన్న బోటు కూడా అదే పని చేస్తోంది. ఎవరికైనా తెలిస్తే చెప్పండి. సినిమా షూటింగ్ అని మా పక్కింటాయన గట్టిగా వాదిస్తున్నాడు.

పాత_సర్వే_రికార్డర్

షూటింగ్ కాదు బాబూ, అది నేవీ సర్వే ఓడ. సముద్రం అడుగు లోతు కొలుస్తోంది. నేను సర్వీసంతా ఆ బ్రాంచిలోనే చేశాను. మమ్మల్ని సర్వే రికార్డర్లు అంటారు.

మన విశాఖకి ఈ ఓడలు కొత్త కాదు. పాత సంధాయక్ 1981 ఫిబ్రవరి 26న నౌకాదళంలో చేరింది, 2021 జూన్ 4న ఇక్కడే జెండా దించుకుంది. ఆ నలభై ఏళ్లలో 200కి పైగా పెద్ద సర్వేలు చేసింది. అదే పేరుతో కొత్త సంధాయక్ 2024 ఫిబ్రవరి 3న వచ్చింది, అదీ విశాఖలోనే. ఆ ఏడాది డిసెంబర్ 18న నిర్దేశక్ వచ్చింది. మూడోది ఇక్షక్, 2025 నవంబర్లో కొచ్చిలో చేరింది. నాలుగోది సంశోధక్. ఈ నాలుగు కొత్త ఓడలూ కోల్‌కతా గార్డెన్ రీచ్ షిప్‌యార్డు కాంట్రాక్టులో కట్టినవే. ఒక్కోటి 110 మీటర్ల పొడవు. మీరు చూసింది వీటిలో ఏదో నేను చెప్పను, ఓడల రాకపోకలు ఇలాంటి చోట రాయకూడదు.

తెలుపు రంగు సర్వే ఓడలకి తాతల నాటి ఆనవాయితీ. మేం యుద్ధానికి రాలేదు అని దూరం నుంచే తెలియాలని.

మాధవధార_శీను

సార్, గౌరవంతోనే అడుగుతున్నా. ఇస్రో చంద్రుడి మీద రాయిని కూడా ఫొటో తీస్తోంది. ఈ రోజుల్లో కూడా ఓడ వేసుకుని, డీజిల్ తగలేసుకుని, గీతలు గీసినట్టు తిరగాలా? శాటిలైట్‌తో అయిపోదూ?

సెకండ్_మేట్_రఘు

శీను గారూ, నేను మర్చంట్ నేవీలో నావిగేటింగ్ ఆఫీసర్ని, చార్టులు, అంటే సముద్ర పటాలు, చూసుకోవడమే నా పని. దీనికి నేను చెప్తా.

చంద్రుడి మీద నీళ్లు లేవు, అదీ తేడా. రేడియో తరంగాలు, వెలుతురు ఉప్పునీటిలో ఎక్కువ దూరం పోవు. శాటిలైట్ చేసేది వేరే పని. అడుగున పెద్ద కొండ ఉంటే దాని గురుత్వాకర్షణకి పైన నీటి మట్టం కొంచెం ఉబ్బుతుంది. ఆ ఉబ్బుని కొలిచి, కింద ఏదో ఉందని అంచనా వేస్తారు. కిలోమీటర్ల వెడల్పున్న కొండలైతే దొరుకుతాయి. నా ఓడ అడుగు (కీల్) కింద ఉన్న రాయి దొరకదు. తేట నీళ్లలో, లక్షద్వీప్ లాంటి చోట, రంగుని బట్టి ఇరవై మీటర్ల దాకా లోతు లెక్కగట్టే పద్ధతి ఒకటి ఉంది. మన గోదావరి బురద నీళ్లలో అది పనికిరాదు.

ప్రపంచం మొత్తమ్మీద సముద్రగర్భంలో సరిగ్గా కొలిచింది నాలుగో వంతు కన్నా కాస్త ఎక్కువ, అంతే. మిగతాదంతా అంచనా.

పాత_సర్వే_రికార్డర్

రఘు బాగా చెప్పాడు. ఇక గీతల సంగతి. ఓడ అడుగున మల్టీబీమ్ ఎకో సౌండర్ ఉంటుంది. విసనకర్ర విప్పినట్టు అటూ ఇటూ వందల ధ్వని కిరణాలు ఒకేసారి పంపుతుంది. అవి అడుగుని తాకి తిరిగి రావడానికి పట్టే టైముని బట్టి లోతు తెలుస్తుంది. నీటిలో ధ్వని వేగం సెకనుకి సుమారు 1500 మీటర్లు. యాభై మీటర్ల లోతు ఉంటే పోయి రావడానికి సెకనులో పదిహేనో వంతు.

ఆ విప్పుడు లోతుని బట్టి మారుతుంది. నూరు మీటర్ల లోతులో ఒక గీతకి 400 మీటర్ల వెడల్పు దాకా దొరుకుతుంది. పది మీటర్ల లోతులో నలభై మీటర్లే. గీతకి గీతకి అంచులు కలవాలి కాబట్టి ముప్పై మీటర్లకో గీత వేయాలి. పది కిలోమీటర్లు పొడవు, పది కిలోమీటర్లు వెడల్పున్న ముక్క తీసుకోండి. పదివేల మీటర్లని ముప్పైతో భాగిస్తే 333 గీతలు, ఒక్కోటి పది కిలోమీటర్లు. మొత్తం 3,330 కిలోమీటర్లు. ఓడ వేగం ఎనిమిది నాట్లు అనుకుందాం, అంటే గంటకి సుమారు 15 కిలోమీటర్లు. మలుపులు లెక్కేయకుండానే 222 గంటలు, అంటే రాత్రీ పగలూ ఆగకుండా తొమ్మిది రోజులు పైన. ఒక్క చిన్న ముక్కకి ఇది. అందుకే గట్టుకి దగ్గరగా సర్వే బోట్లు దింపుతారు. వాకర్ గారు చూసిన చిన్న బోటు అదే.

బీచ్‌రోడ్_వాకర్

333 గీతలా! మా పక్కింటాయనకి చూపించాను. ఇప్పుడు అండర్‌వాటర్ షూటింగ్ అంటున్నాడు.

భైరవపాలెం_కుర్రోడు

అన్నలూ, మాది గోదావరి మొగ దగ్గర. మా నాన్నకి మరబోటు ఉంది. చిన్నప్పటి నుంచి తాడుకి సీసం గుండు కట్టి బారలు లెక్కేసి లోతు చెప్తాడు. ఇప్పుడు మా బోటులో ఫోను యాప్ చార్టు పెట్టాం. మొగ దగ్గర ఆ చార్టులో నాలుగు బారల నీళ్లు చూపిస్తాది, అక్కడ చూస్తే మోకాల్లోతు ఇసక. ఇంత పెద్ద ఓడలు, ఇన్ని యంత్రాలు పెట్టుకుని చార్టు తప్పు ఎందుకు వస్తాది? కోపంతో కాదు, నిజంగా అడుగుతున్నా.

పాత_సర్వే_రికార్డర్

మంచి ప్రశ్న తమ్ముడూ. మీ నాన్నగారి గుండూ తాడే మా పని మొదలు. ఎకో సౌండర్లు రాకముందు ప్రపంచంలో చార్టులన్నీ అలాగే తయారయ్యాయి.

గోదావరి మొగలో ఇసక ప్రతి వరదకీ జరుగుతుంది. కాకినాడ ముందున్న హోప్ ఐలాండ్ చూడు. గోదావరి తెచ్చిపోసిన ఇసకతో పెరిగిన తిప్పే అది. ఈ ఏడాది కొలిచింది వచ్చే ఏడాదికి మారిపోయే చోట చార్టు ఎప్పుడూ వెనకబడే ఉంటుంది. పైగా సర్వేకి ముందు వరస ఓడరేవులది, వాటి దారులది. చిన్న మొగలకి వంతు రావడానికి ఏళ్లు పడుతుంది.

ఇంకో తిరకాసు కూడా ఉంది. వరద టైములో మొగ దగ్గర పైన తీపి నీళ్లు, కింద ఉప్పునీళ్లు పొరలుగా ఉంటాయి. ఉప్పు, వేడి, లోతు మారితే ధ్వని వేగం మారుతుంది. 1500 అనుకున్నది అసలు 1530 అయితే రెండు శాతం తేడా. యాభై మీటర్ల దగ్గర మీటరు తప్పు. పక్కలకి పోయే కిరణాలైతే పొరల మధ్య వంగిపోతాయి. చదునుగా ఉండాల్సిన అడుగు తెరమీద నవ్వుతున్నట్టు పైకి వంగో, మూతి ముడిచినట్టు కిందకి వంగో కనిపిస్తుంది. అది కనిపించిందంటే ఓడ ఆపి, పరికరం అడుగు దాకా దింపి, ఏ లోతులో ధ్వని వేగం ఎంతో మళ్లీ కొలవాల్సిందే. మొగ దగ్గరైతే రోజులో చాలాసార్లు.

సెకండ్_మేట్_రఘు

కుర్రోడూ, ఫోన్ యాప్ చార్టు మీద ఓడ నడపకూడదు, ముందు అది. అధికారిక ఎలక్ట్రానిక్ చార్టులో ప్రతి ప్రాంతానికీ నమ్మకం ఎంతో కూడా గుర్తు ఉంటుంది. ఏ1, ఏ2, బి, సి, డి అని గ్రేడులు. ఏ1 అంటే ప్లస్ మైనస్ ఐదు మీటర్లలో స్థానం, అడుగు మొత్తం వెతికారు అని అర్థం. సి అంటే స్థానంలోనే 500 మీటర్ల దాకా తేడా ఉండొచ్చు. డి అంటే ఇంకా అధ్వానం. మా వాళ్లలోనే ఆ గ్రేడు తెరిచి చూడని వాళ్లు సగం మంది.

1992 ఆగస్టులో క్వీన్ ఎలిజబెత్ 2 అనే పెద్ద ప్రయాణికుల ఓడ అమెరికా తూర్పు తీరంలో రాళ్లకి రాసుకుంది. చార్టులో ఆ చోట 39 అడుగులు అని ఉంది. ఆ కొలత 1939 నాటిది. పాత పద్ధతిలో గీతకీ గీతకీ మధ్య రాయి ఉంటే ఎవరికీ దొరకదు. దానికి తోడు ఓడ వేగంగా పోతే తక్కువ లోతులో కిందకి దిగుతుంది, దాన్ని స్క్వాట్ అంటాం. రెండూ కలిశాయి.

2005 జనవరిలో యూఎస్ఎస్ శాన్‌ఫ్రాన్సిస్కో అనే అణు జలాంతర్గామి గువామ్ దక్షిణాన నీటి అడుగున ఫుల్ స్పీడులో కొండని గుద్దుకుంది. ఒక నావికుడు చనిపోయాడు. వాళ్లు వాడుతున్న చార్టులో ఆ కొండ లేదు. 2013లో యూఎస్ఎస్ గార్డియన్ ఫిలిప్పీన్స్‌లో టుబ్బతాహ పగడపు దిబ్బ మీదకి ఎక్కేసింది. వాళ్ల డిజిటల్ చార్టులో ఆ దిబ్బ సుమారు ఎనిమిది నాటికల్ మైళ్లు పక్కకి జరిగి ఉంది. ఆ ఓడని అక్కడే ముక్కలు చేసి తీయాల్సి వచ్చింది.

మాధవధార_శీను

సరే, శాటిలైట్ వాదన వదిలేస్తున్నా. ఇంకో డౌట్. లోతు ఎక్కడి నుంచి కొలుస్తారు? పోటుకి నీరు లేస్తుంది, పాటుకి దిగుతుంది కదా.

పాత_సర్వే_రికార్డర్

అక్కడికే వద్దామనుకుంటున్నాను. చార్టులో లోతుకి ఆధారం సగటు సముద్ర మట్టం కాదు. నీరు అంతకన్నా దిగదు అనదగ్గ అతి తక్కువ మట్టం, దాన్ని చార్ట్ డేటం అంటారు. అంటే చార్టు ఎప్పుడూ నీకు పిసినారి లెక్కే చెప్తుంది. విశాఖలో పెద్ద పోటు రోజుల్లో కూడా తేడా మీటరున్నర లోపు. భావ్‌నగర్ దగ్గర ఖంభాత్ సింధుశాఖలో పది మీటర్లు దాటుతుంది. అక్కడ టైడు (పోటుపాట్ల) లెక్క తప్పితే సర్వే మొత్తం చెత్తబుట్టకే.

డేటం కుదరాలంటే కనీసం ఒక చంద్ర నెల నీటి మట్టం చూడాలి. ఇప్పుడు ఆటోమేటిక్ గేజులు ఉన్నాయి. మా రోజుల్లో జెట్టీకి కర్ర పాతేవాళ్లం, టైడ్ పోల్ అంటారు. డెసిమీటరుకో గుర్తు, ఎరుపు నలుపు పట్టీలు. దాని ముందు కూర్చుని పదేసి నిమిషాలకి ఒక రీడింగ్ రాయాలి. అల వస్తే నీరు ఇంత పైకి, పోతే ఇంత కిందకి. శిఖరం ఎంత, గుంట ఎంత చూసి, మధ్యది రాయాలి. రాత్రి టార్చి లైటు వేసుకుంటే కర్ర మీద కన్నా మన మీదే ఎక్కువ దోమలు. నిద్రొచ్చి రెండు రీడింగులు ఊహించి రాస్తే ఆఫీసరు గ్రాఫు గీసి పట్టేసేవాడు. పోటు గీత నున్నగా పోవాలి, దొంగ రీడింగు దగ్గర గీతకి గూని వస్తుంది.

ఇంకోటి చాలామందికి తెలీదు. ఒక చిన్న గడిలో వంద కొలతలు వస్తే చార్టు మీద వేసేది సగటు కాదు, అన్నిట్లోకీ తక్కువ లోతు. 12.1, 12.4, 11.3 వస్తే 11.3 వేస్తారు. కానీ ఆ 11.3 నిజం రాయా, చేపల గుంపా, యంత్రం గొడవా? అది తేల్చేది మనిషి. రాత్రంతా తెర ముందు కూర్చుని ఒక్కో చుక్కని ఉంచాలా తీసేయాలా అని చూస్తారు. తీసేసింది నిజంగా రాయే అయితే తర్వాత ఒక రోజు ఒక ఓడకి తగులుతుంది. అనుమానం వస్తే బోటు మళ్లీ అక్కడికే పంపుతారు.

చరిత్ర_పిచ్చోడు

ఆలస్యంగా చూశాను, మన వైపు సంగతులు కొన్ని.

1790లకే మైకేల్ టాపింగ్ అనే ఈస్టిండియా కంపెనీ సర్వేయర్ కోరంగి దగ్గర, కోరమాండల్ తీరంలో సర్వేలు చేశాడు. 1796లో మచిలీపట్నంలోనే చనిపోయాడు. 1874లో కలకత్తాలో మెరైన్ సర్వే డిపార్ట్‌మెంట్ పెట్టారు. ఇప్పటి నౌకాదళ జలసర్వే విభాగానికి అదే మొదలు. 1954లో ఆఫీసు డెహ్రాడూన్‌కి మారింది. సముద్ర పటాలు తయారయ్యేది హిమాలయాల కింద అన్నమాట! 1997 నుంచి దాని పేరు నేషనల్ హైడ్రోగ్రాఫిక్ ఆఫీస్.

ఆ మెరైన్ సర్వే వాళ్లకి ఇన్వెస్టిగేటర్ అనే సర్వే ఓడ ఉండేది, దాని మీద ఆల్ఫ్రెడ్ ఆల్‌కాక్ అనే డాక్టరు ఉండేవాడు. నావికులకి మందులిస్తూనే, లోతు సముద్రంలో వలకి పడిన చేపలూ పీతలూ పట్టి వర్ణించేవాడు.

ఇక స్వతంత్రం వచ్చాక మన దేశంలో కట్టిన మొదటి సర్వే ఓడ ఐఎన్ఎస్ దర్శక్, 1964లో నౌకాదళంలో చేరింది. కట్టింది మన విశాఖ హిందుస్థాన్ షిప్‌యార్డే. ఈ మాట విశాఖలోనే చాలామందికి తెలీదు, బాధేస్తుంది.

గాజువాక_గీత

మా పెదనాన్నగారు షిప్‌యార్డులో వెల్డింగ్ షాపులో చేసేవారు. దర్శక్ పేరు ఆయన నోట విన్నాను. ఇంకో సంగతి. 1952 ప్రాంతంలో యూజీన్ లాఫాండ్ అనే అమెరికన్ శాస్త్రవేత్త ఆంధ్రా యూనివర్సిటీకి వచ్చారు. నేవీ ఓడల సాయంతో విశాఖ ముందు సముద్రంలో లోతైన లోయలు ఉన్నాయని తేల్చారు. ఒక లోయకి ఆంధ్ర అని, మరో దానికి ఇక్కడి ప్రొఫెసర్ మహాదేవన్ గారి పేరు పెట్టారు. ఎమ్మెస్సీలో మాకు ఇది మొదటి పాఠం.

మాధవధార_శీను

ఇంత మంచి పని చేసే ఓడలకి శ్రీలంక, మాల్దీవుల్లో గొడవలెందుకు మరి? చైనా సర్వే ఓడ వచ్చిందని వార్తల్లో ఊదరగొడతారు.

సెకండ్_మేట్_రఘు

ఓడరేవుకి దారి చూపించే కొలతలే జలాంతర్గామికీ దారి చూపిస్తాయి కాబట్టి. అడుగు ఎలా ఉంది, ఏ లోతులో నీరు ఎంత వేడి, ఎంత ఉప్పు, ధ్వని ఎక్కడ వంగుతుంది... ఇవి తెలిసినవాడికి సబ్‌మెరైన్ ఎక్కడ దాక్కోవచ్చో తెలుస్తుంది.

చైనా పరిశోధన ఓడ షి యాన్ 6 2023 అక్టోబర్లో కొలంబో వచ్చింది. తర్వాత శ్రీలంక 2024 జనవరి నుంచి ఏడాది పాటు విదేశీ పరిశోధన ఓడలు వద్దంది. మాల్దీవులతో మనకి 2019లో కుదిరిన జలసర్వే ఒప్పందాన్ని వాళ్లు కొనసాగించం అన్నారు, 2024 జూన్‌తో గడువు అయిపోయింది. 2016 డిసెంబర్లో అమెరికా సర్వే ఓడ బౌడిచ్ వదిలిన నీటి గ్లైడర్‌ని (మనిషి లేకుండా నీటి అడుగున కొలతలు తీసే చిన్న పరికరం) చైనా నేవీ పట్టుకుపోయి, కొన్ని రోజులకి తిరిగిచ్చింది. తీరం నుంచి 200 నాటికల్ మైళ్ల దాకా ఉండే ప్రత్యేక ఆర్థిక జలాల్లో (ఈఈజెడ్) సర్వేకి తీరదేశం అనుమతి అక్కర్లేదని అమెరికా అంటుంది, కావాల్సిందేనని మనమూ చైనా కూడా అంటాం. ఈ ఒక్క విషయంలో ఇద్దరిదీ ఒకే మాట.

చరిత్ర_పిచ్చోడు

అనుమానం ఒకవైపు, అవసరం ఇంకోవైపు. మారిషస్, సీషెల్స్ ప్రభుత్వాలు మన సర్వే ఓడల్ని పిలిపించుకుని చార్టులు చేయించుకుంటున్నాయి. ఓడ, యంత్రాలు, తర్ఫీదు ఉన్న మనుషులు చిన్న దేశాలకి దొరకరు.

పాత_సర్వే_రికార్డర్

రాజకీయం నాకొద్దు. 2004 సునామీ మాత్రం చెప్తాను. సర్వే ఓడల్లో జాగా ఉంటుంది, అందుకే వాటిని ఆసుపత్రి ఓడలుగా మార్చుకునే వీలు పెట్టారు. నిరూపక్ అలా మారి ఇండోనేషియా పోయింది, జమున శ్రీలంక పోయింది.

అసలు పని తర్వాత మొదలైంది. అండమాన్ నికోబార్‌లో భూమే కదిలింది. ఇందిరా పాయింట్ దగ్గర నేల నాలుగు మీటర్లకి పైగా దిగింది, అక్కడి లైట్‌హౌస్ మొదలు నీళ్లలో మునిగింది. పోర్ట్‌బ్లెయిర్ సుమారు మీటరు దిగింది. ఉత్తర అండమాన్ పైకి లేచింది, పగడాలు గాలిలోకి తేలి చచ్చిపోయాయి. దిగిన చోట లోతు పెరిగింది, లేచిన చోట తగ్గింది. పాత జెట్టీ మీద టైడు కోసం చెక్కిన బెంచ్‌మార్క్ (ఎత్తు గుర్తు) కూడా జెట్టీతో పాటే దిగిపోయింది. ఇక దేన్ని ఆధారం చేసుకుని కొలుస్తావ్? మళ్లీ మొదటి నుంచి. సహాయం తెచ్చే ఓడలేమో బయట నిలబడి దారి కోసం చూస్తున్నాయి.

ఇంటర్_ఎంపీసీ_రాజాం

సార్ నమస్తే. ఈ బ్రాంచిలో చేరాలంటే ఏం చదవాలి? మాది రాజాం. సముద్రం సరిగ్గా చూసింది కూడా తక్కువ.

పాత_సర్వే_రికార్డర్

మా బ్యాచ్‌లో సముద్రం మొదటిసారి ట్రైనింగ్‌లోనే చూసినవాళ్లు బోలెడుమంది, దానికేం బెంగ లేదు. ఆఫీసరుగా పోవాలంటే ఎగ్జిక్యూటివ్ బ్రాంచిలో చేరి, తర్వాత హైడ్రోగ్రఫీ ఎంచుకోవాలి. కోర్సు గోవాలో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హైడ్రోగ్రఫీలో. అంతర్జాతీయ హైడ్రోగ్రాఫిక్ సంస్థ గుర్తింపు దానికి ఉంది. బయట దేశాల వాళ్లు కూడా వచ్చి చదువుతారు. లెక్కలు గట్టిగా ఉండాలి. త్రికోణమితి అంటే భయం ఉంటే ఇప్పుడే వదిలించుకో.

గాజువాక_గీత

నేవీ ఒక్కటే దారి కాదు తమ్ముడూ. ఓడరేవులు, డ్రెడ్జింగ్ కంపెనీలు, కేజీ బేసిన్‌లో చమురు కంపెనీలు అందరికీ సర్వేయర్లు కావాలి. జియోఫిజిక్స్, మెరైన్ జియాలజీ, సివిల్ చేసినవాళ్లు ఇటు వస్తారు. ఏ పోర్టులో అయినా డ్రెడ్జింగ్‌కి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి కొలుస్తారు. ఎంత మట్టి తీశారో దాన్ని బట్టే బిల్లు. అక్కడ పది సెంటీమీటర్ల తేడా మీద మీటింగులు అరుపుల దాకా పోవడం నేను చూశాను.

భైరవపాలెం_కుర్రోడు

నేను అడిగిందానికి ఇంకోటి మిగిలింది. మా మొగ బయట, చార్టులో లేని దిబ్బ ఒకటి ఉంది. రెండేళ్లుగా అక్కడే ఉంది, కదల్లేదు. మా బోట్లోళ్లందరికీ తెలుసు. పెద్ద ఓడలోళ్లకి తెలీదు. మేం ఎవరికైనా చెప్పొచ్చా? మా మాట పట్టించుకుంటారా?

సెకండ్_మేట్_రఘు

చెప్పొచ్చు, చెప్పాలి కూడా. హైడ్రోగ్రాఫిక్ నోట్ అని ఒక ఫారం ఉంటుంది. సముద్రం మీద పోయేవాళ్లెవరైనా నింపి డెహ్రాడూన్ ఆఫీసుకి పంపొచ్చు. వాళ్లు పదిహేను రోజులకోసారి నోటీసెస్ టు మెరినర్స్ అని దిద్దుబాట్లు విడుదల చేస్తారు. పాత ఓడ మునిగిన చోటు, కొత్త లైటు, ఆరిపోయిన బోయా (నీటి మీద తేలే గుర్తు), కొత్తగా దొరికిన దిబ్బ అన్నీ అందులో వస్తాయి. వాటిని చూసి మేం చార్టు దిద్దుకుంటాం.

భైరవపాలెం_కుర్రోడు

అయితే నాన్నని తీసుకుని పోయి జీపీఎస్ పాయింట్లు తీసుకొస్తా. దిబ్బ నాలుగు మూలలూ తీస్తే చాలా?

పాత_సర్వే_రికార్డర్

మూలలతో పాటు అన్నిట్లోకీ తక్కువ నీళ్లున్న చోటు తప్పక తియ్యి, అదే ముఖ్యం. గుండు తాడుతో కొలిచినా పర్లేదు, ఎలా కొలిచావో రాయి. బారలు రాసి పక్కన మీటర్లు కూడా వెయ్యి, ఎందుకంటే ఒక్కొక్కరి బార ఒక్కో పొడవు. ప్రతి కొలత పక్కనా తేదీ, టైము నిమిషంతో సహా ఉండాలి. టైము లేకపోతే అప్పుడు పోటో పాటో వాళ్లు లెక్క తీయలేరు, కొలత పక్కన పడేస్తారు. అమావాస్యకో పౌర్ణమికో పాటు బాగా దిగినప్పుడు పో, దిబ్బ బాగా బయటపడుతుంది. బోటు మాత్రం దూరంగా లంగరేసి, తెప్ప మీద పోండి.